ఫర్మ్‌వేర్ నడుస్తోంది, కబురు మాత్రం చేరడం లేదు

లినక్స్ నడిపే పెద్ద ప్రాసెసర్ ఉన్న చిప్పులోనే చిన్నాచితకా ప్రాసెసర్లు ఇంకా ఎందుకుంటాయో పోయిన నెల ఈ పేజీలో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులు. ఎక్కువ చోటు కాకినాడ అమ్మాయికే పోయింది. ఆ ఉత్తరం చదివాక కాఫీ పక్కన పెట్టేసి, అటక మీదున్న నా పాత బోర్డు దింపించుకున్నాను మరి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నా, పక్క ప్రాసెసర్‌తో మాట్లాడే డ్రైవర్ మారుస్తున్నా, టెన్షన్‌గా ఉంది" అంటాడు. రెండేళ్లుగా అదే డ్రైవర్. అసలు ఎవరు ఎవరితో మాట్లాడాలి? అంతకాలం పట్టేదేముంది అందులో?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, నమస్కారం. నేనూ మీ చుట్టుపక్కల పుట్టినదాన్నే కాబట్టి మన పెళ్లిళ్ల భాషలోనే చెబుతాను. పెళ్లిపెద్ద పందిట్లో ఉంటాడు. వంటవాళ్లు వెనక షెడ్డులో ఉంటారు. పెద్దాయనకు గరిటె పట్టడం రాదు, వంట మాస్టారికి పందిట్లో ఎవరొచ్చారో తెలియదు. మధ్యలో గిన్నెలు తిరుగుతుంటాయి. ఖాళీ గిన్నె లోపలికి పోతుంది, నిండి బయటికొస్తుంది. వచ్చిందని చెప్పడానికి ఒక గంట కొడతారు. గంట "వచ్చింది, చూసుకో" అని మాత్రమే చెబుతుంది. వచ్చింది పప్పా పులుసా అన్నది గిన్నె మూత తీస్తేనే తెలుస్తుంది.

చిప్పులోనూ ఇదే ఏర్పాటు. గిన్నెలంటే ఇద్దరికీ అందుబాటులో ఉండే మెమరీ. గంట అంటే ఇంటరప్ట్. పందిటి వైపు ఈ గిన్నెలూ గంటా చూసుకునే ప్రోగ్రామే మీ అబ్బాయి చెప్పే డ్రైవర్. ఉదాహరణకు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఓమాప్4 అనే చిప్పులో లినక్స్ కోసం రెండు కార్టెక్స్ ఏ9 కోర్లుంటే, వాటి పక్కనే రెండు కార్టెక్స్ ఎం3లు, ఆడియో లాంటి సిగ్నళ్ల లెక్కలు చేసే డీఎస్పీ ఒకటి ఉండేవి. ఆ ముగ్గురూ ఎవరి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు నడుపుకునేవాళ్లు. వాళ్లలోకి వాళ్ల ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్ అంటారు) ఎక్కించి నిద్ర లేపడం, పడిపోతే మళ్లీ లేపడం రిమోట్‌ప్రాక్ అనే భాగం పని. గిన్నెల రాకపోకలు ఆర్‌పీమెసేజ్ అనే భాగం చూసుకుంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసిన ఒహద్ బెన్-కోహెన్ ఈ రెండింటినీ రాస్తే 2012లో లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ 3.4 వెర్షన్‌లోకి వచ్చాయి. అంతకుముందు ఏ కంపెనీ గంట ఆ కంపెనీది, ఏ కంపెనీ గిన్నె ఆ కంపెనీది.

ఇక రెండేళ్లెందుకంటారా? వంటవాడు మారతాడు, గంట మారుతుంది, షెడ్డు జరుగుతుంది. భోజనానికి కూర్చున్నవాళ్లకు మాత్రం తెలియకూడదు. మీ అబ్బాయికి ఈ నెల కాస్త తక్కువ ఫోన్లు చేయండి.

ప్రశ్న: మేడమ్, నేను ఈసీఈ ఫైనలియర్. మా సీనియర్ల ప్రాజెక్టు మాకు అప్పగించారు. బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డు. అందులోని పీఆర్‌యూ అనే చిన్న ప్రాసెసర్ అల్ట్రాసోనిక్ సెన్సార్ పల్స్‌ను కొలిచి, దూరాన్ని లినక్స్‌కు పంపాలి. సీనియర్లు 4.19 కెర్నెల్ ఉన్న కార్డు మీద చేశారు, బాగా నడిచింది. ఆ కార్డు పాడైంది. మేము 5.10 ఉన్న కొత్త ఇమేజ్ వేసి అదే ఫర్మ్‌వేర్ ఫైలు పెట్టాం. స్టేట్ చూస్తే "రన్నింగ్" అనే ఉంది. పరికరాల ఫైళ్లుండే డెవ్ డైరెక్టరీలో ఆర్‌పీమెసేజ్ పీఆర్‌యూ30 అనే ఫైలు కూడా వచ్చింది. కానీ దానికి "హలో" అని పంపితే జవాబు లేదు. పదహారు సార్లు పంపితే ఏమీ అనదు. పదిహేడోసారి కాసేపు బిగుసుకుపోయి 512 అని ఎర్రర్ ఇస్తోంది. మెసేజ్ 512 బైట్లు దాటిందేమో అనుకుని "హలో"ను "హాయ్" చేశాం. లెక్చరర్ గారు బోర్డు పోయింది, కొత్తది కొనమంటున్నారు. వచ్చే వారం రివ్యూ ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

అమ్మా, ముందు ఆ డబ్బులు జేబులోనే ఉంచుకో. బోర్డు లక్షణంగా ఉంది. నువ్వు రాసిన మూడు సంగతుల్లోనే జవాబు ఉంది: ఫైలు పుట్టింది, పదహారు పోయాయి, పదిహేడోది బిగుసుకుంది. ఇంత శుభ్రంగా లెక్కపెట్టి రాసే ఇంజినీర్లు మా ఆఫీసులో కూడా తక్కువే.

ముందు ఆ 512 సంగతి. అది బైట్ల లెక్క కాదు. ఒక ఆర్‌పీమెసేజ్ గిన్నె 512 బైట్లన్న మాట నిజమే. అందులో 16 బైట్లు పైన చిరునామాకు పోతే నీకు మిగిలేవి 496. అది దాటితే "మెసేజ్ ఈజ్ టూ బిగ్" అని వేరే ఎర్రర్ వస్తుంది. నీకొచ్చిన 512 కెర్నెల్ లోపల వాడుకునే ఎర్రర్ నంబరు, ఈ-రీస్టార్ట్‌సిస్ అంటారు. పంపడానికి ఖాళీ గిన్నె దొరకనప్పుడు సెండ్ ఫంక్షన్ 15 సెకన్లు ఎదురు చూసి, విసుగొచ్చి ఈ నంబరు వెనక్కిస్తుంది. ఈసారి గడియారం పెట్టి చూడు, సరిగ్గా పదిహేను సెకన్లుంటుంది. కెర్నెల్ మాటల చిట్టా అయిన డీమెసేజ్ తెరిస్తే "టైమవుట్ వెయిటింగ్ ఫర్ ఎ టీఎక్స్ బఫర్" అన్న వాక్యం కూడా కనిపిస్తుంది. రెండు 512లు ఒకే ఇంట్లో ఉండటం వట్టి కాకతాళీయం. దాన్ని చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

మరి పదహారే ఎందుకు? పీఆర్‌యూ ఉదాహరణల్లో ఒక్కో వైపుకు పదహారు గిన్నెలే పెడతారు. దాని డేటా మెమరీ ఎనిమిది కిలోబైట్లు, ప్రోగ్రామ్ మెమరీ ఇంకో ఎనిమిది. అంత చిన్న ప్రాణికి ఆమాత్రం చాలు. నువ్వు పంపిన పదహారు గిన్నెలూ పీఆర్‌యూ గుమ్మం దగ్గర వరసగా నిండి కూర్చున్నాయి. లోపలివాడు ఒక్కటి కూడా తీసుకోలేదు. అంటే వాడికి గంట వినపడటం లేదు.

కానీ వాడు కొట్టిన గంట నీకు వినపడింది. ఎలా తెలుసంటావా? డెవ్‌లో ఆ ఫైలు పుట్టిందిగా! పీఆర్‌యూ లేచాక "నేనున్నాను, 30వ పోర్టులో" అని ప్రకటన పంపితేనే ఆ ఫైలు పుడుతుంది. కాబట్టి అటునుంచి ఇటు దారి బాగుంది, ఇటునుంచి అటు తెగింది.

ఇప్పుడు అసలు మార్పు. పీఆర్‌యూ వ్యవస్థలో ఏ ఈవెంటు (అంటే ఏ గంట) ఏ ఛానెల్‌కు, ఆ ఛానెల్ ఏ హోస్ట్ ఇంటరప్ట్‌కు వెళ్లాలో ఒక పట్టీ ఉండాలి. నీ బోర్డులోని ఏఎం335ఎక్స్ చిప్పులో, మొదటి పీఆర్‌యూ అయిన పీఆర్‌యూ0 నుంచి లినక్స్ నడిపే ఏఆర్‌ఎంకు 16వ ఈవెంటు, ఏఆర్‌ఎం నుంచి పీఆర్‌యూ0కు 17వది వాడతారు. మీ సీనియర్ల కాలంలో ఈ పట్టీ ఫర్మ్‌వేర్ తనకేం కావాలో చెప్పుకునే రిసోర్స్ టేబుల్ లోపల ఉండేది. డ్రైవర్ దాన్ని అక్కడ చదివేది. ఈ డ్రైవర్‌ను మెయిన్‌లైన్ అనే అందరికీ ఉమ్మడి కెర్నెల్‌కు పంపే క్రమంలో ఆ పద్ధతి మార్చారు. రిసోర్స్ టేబుల్ అనేది అన్ని కంపెనీల చిప్పులకూ ఉమ్మడి సొత్తు. అందులో ఒక కంపెనీ తన సొంత సామాను పెట్టుకోవడం బాగుండదు. నన్నడిగితే మార్చడమే సబబు. ఇప్పుడు ఏఆర్‌ఎంకు వచ్చే 16వ గంట సంగతి బోర్డులో ఏమేమున్నాయో కెర్నెల్‌కు చెప్పే డివైస్ ట్రీలో ఉంటుంది. అందుకే అది పనిచేసింది. పీఆర్‌యూకు వెళ్లే 17వ గంట సంగతిని డ్రైవర్ ఫర్మ్‌వేర్ ఫైల్లో "పీఆర్‌యూ ఐఆర్‌క్యూ మ్యాప్" అనే ప్రత్యేక సెక్షన్లో వెతుకుతుంది. మీ సీనియర్ల ఫైల్లో ఆ సెక్షనే లేదు. కొత్త డ్రైవర్ దాన్ని తప్పుగా కూడా అనుకోదు. మ్యాప్ లేదు కాబట్టి ఈ ఫర్మ్‌వేర్‌కు గంట అక్కర్లేదేమో అనుకుని, మారు మాట్లాడకుండా "రన్నింగ్" అంటుంది. పాత చోట రాసిన ఉత్తరం ఎవరూ తెరవని డబ్బాలో పడిందన్నమాట. ఇక్కడ డ్రైవర్ ఒక్క ముక్క హెచ్చరించి ఉంటే నీకు వారం కలిసొచ్చేదని నా ఫిర్యాదు.

నా మాట నమ్మక్కర్లేదు, రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఫైలు లోపలి సెక్షన్లు చూపించే రీడ్‌ఎల్ఫ్‌కు క్యాపిటల్ ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ ఫర్మ్‌వేర్ ఫైలు మీద నడుపు. సెక్షన్ల జాబితాలో రిసోర్స్ టేబుల్ కనిపిస్తుంది, ఐఆర్‌క్యూ మ్యాప్ కనిపించదు.

సరిచేయడానికి సీనియర్ల సీ ఫైలు కావాలి. అది దొరక్కపోతే మాత్రం వాళ్ల వాట్సాప్ గ్రూపులో పడి ఏడవాల్సిందే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల పీఆర్‌యూ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ప్యాకేజీ 6వ వెర్షన్ దింపుకో. అందులో నీ చిప్పుకు సంబంధించిన ఆర్‌పీమెసేజ్ ఉదాహరణలో ఈ మ్యాప్ ఒక చిన్న హెడర్ ఫైలుగా ఉంటుంది. అసలు పదార్థం మూడే అంకెలు: 17, 0, 0. పదిహేడో ఈవెంటు సున్నా ఛానెల్‌కు, అది సున్నా హోస్ట్‌కు. ఆ హెడర్‌ను చేర్చుకో, రిసోర్స్ టేబుల్ కొత్త ఉదాహరణలోది తీసుకో, లింకర్ కమాండ్ ఫైలు కూడా కొత్తదే వాడు. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. మ్యాప్ సెక్షన్ పీఆర్‌యూ మెమరీలోకి వెళ్లకూడదు, ఫైల్లో డ్రైవర్ చదువుకోవడానికి మాత్రమే ఉండాలి. ఆ సంగతి, కోడ్ ముక్కలను కలిపి ఫైలు కట్టే లింకర్‌కు చెప్పేది ఈ ఫైలే.

ఇంకో రెండు చిన్న గోతులున్నాయి. సీనియర్ల స్క్రిప్టులో "రిమోట్‌ప్రాక్1ను స్టార్ట్ చెయ్యి" అని ఉంటుంది. ఆ నంబర్లను నమ్ముకోవద్దు. ఈ చిప్పులో పవర్ సంగతులు చూసే కార్టెక్స్ ఎం3 ఒకటి ఉంది, అదీ రిమోట్‌ప్రాక్ లెక్కలోనే వస్తుంది. ఎవరు ముందు లేస్తే వాళ్లకు ముందు నంబరు. ఒక్కోదాని నేమ్ ఫైలు తెరిచి చూడు, 4ఏ334000 అని ఉన్నది పీఆర్‌యూ0, 4ఏ338000 అని ఉన్నది పీఆర్‌యూ1. రెండోది, మెయిన్ ఫంక్షన్ మొదట్లో స్టాండ్‌బై ఇనిట్ అనే బిట్‌ను సున్నా చేసే వాక్యం. అది కనపడగానే "ఇదేదో అనవసరంగా ఉంది" అని తీసేయకు. అది లేకపోతే పీఆర్‌యూ తన గదిలోంచి బయటి మెమరీని చూడలేదు, అప్పుడు ఆ డెవ్ ఫైలు కూడా పుట్టదు.

రివ్యూలో లెక్చరర్ గారి ముందు "బోర్డు బాగానే ఉంది సార్" అని మొదలుపెట్టకు. రీడ్‌ఎల్ఫ్ అవుట్‌పుట్ రెండూ, పాతదీ కొత్తదీ, పక్కపక్కన ప్రింటు తీసి చూపించు. ఆయనే అంటారు ఆ మాట.

ప్రశ్న: అక్కా, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. 4.4 కెర్నెల్ కాలంలో ఎవరో రాసి వెళ్లిపోయిన ఆర్‌పీమెసేజ్ డ్రైవర్‌ను 6.1కి తేవాలి. కంపైల్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఆర్‌పీమెసేజ్ ఛానెల్ అనే స్ట్రక్చర్ లేదంటుంది, సెండ్‌కు ఇచ్చింది తప్పంటుంది. కెర్నెల్ వాళ్లు ఊరికే పేర్లు మార్చి మా ప్రాణాలు తోడేస్తున్నారు. ఒక నెల అడిగితే మేనేజర్ మూడు రోజులు ఇచ్చాడు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

తమ్ముడూ, మూడు రోజులు ఎక్కువే, ఆ సంగతి మేనేజర్‌కు చెప్పకు. ఊరికే మార్చారన్న మాట మాత్రం ఒప్పుకోను. 4.9 వచ్చేదాకా ఆర్‌పీమెసేజ్ అంటే ఒకే రకం గిన్నె. ఉమ్మడి మెమరీలో రింగులు పెట్టుకునే వర్టిఐఓ పద్ధతి తప్ప ఇంకోటి దానికి తెలియదు. క్వాల్‌కామ్ చిప్పుల్లో మోడెమ్‌తో, ఆడియో డీఎస్పీతో మాట్లాడేందుకు ఎస్‌ఎమ్‌డీ అని వేరే పద్ధతి ఉండేది. దాన్నీ ఇదే గొడుగు కిందికి తేవడానికి కెర్నెల్ డెవలపర్ బియోర్న్ ఆండర్సన్ లోపలి గోడలు పగలగొట్టి కట్టాడు. అప్పుడు పేర్లు మారాయి. ఇవాళ నీ డ్రైవర్ కింద ఏ రవాణా ఉందో దానికి తెలియాల్సిన పని లేదు.

నీ పని ఇది. ఆర్‌పీమెసేజ్ ఛానెల్ అని ఉన్న ప్రతిచోటా ఆర్‌పీమెసేజ్ డివైస్ అని మార్చు. సెండ్‌కు ఇదివరకు ఛానెల్‌ను ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఆ డివైస్ లోపలున్న ఎండ్‌పాయింట్‌ను ఇవ్వాలి. మెసేజ్ రాగానే కెర్నెల్ పిలిచే కాల్‌బ్యాక్ ఫంక్షన్ అప్పుడు వాయిడ్, ఇప్పుడు ఇంటీజర్. చివర సున్నా రిటర్న్ చెయ్యి. సొంతంగా ఎండ్‌పాయింట్ సృష్టించే చోటు ఉంటే అక్కడ ఒట్టి చిరునామా బదులు ఛానెల్ ఇన్ఫో స్ట్రక్చర్ నింపి ఇవ్వాలి. నేను చూసిన ఇలాంటి పాత డ్రైవర్లలో ఈ నాలుగు మార్పులతో ఎర్రర్లలో ముప్పాతిక భాగం ఎగిరిపోయాయి.

కంపైల్ అయ్యాక ఆ కాల్‌బ్యాక్‌ను ఇంకోసారి చదువు. ఎవరో రాసి వెళ్లిపోయిన డ్రైవర్లన్నిటికీ ఒక జబ్బు ఉంటుంది: మెసేజ్ రాగానే కాల్‌బ్యాక్‌లోనే ఫైలుకు రాయడం, నిద్రపోవడం, ఇంకో మెసేజ్ పంపి జవాబు కోసం ఎదురు చూడటం. నువ్వు కాల్‌బ్యాక్ నుంచి బయటికొస్తేనే ఆ గిన్నె ఖాళీ అయి అవతలికి వెళ్తుంది. నువ్వు గిన్నె పట్టుకుని కునుకు తీస్తే అవతలివాడు దేంట్లో వడ్డిస్తాడు? మెసేజ్‌ను నీ క్యూలోకి కాపీ చేసుకుని వెంటనే బయటపడు, మిగతా పని తర్వాత చేసుకునేలా వర్క్‌క్యూలో పెట్టుకో. అలాగే ఆగకూడని చోట సెండ్ వాడొద్దు. ట్రైసెండ్ వాడితే గిన్నె లేనప్పుడు 15 సెకన్లు నిలబెట్టకుండా లేదని మొహం మీదే చెప్పేస్తుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న చివర అడుగుతున్నా. నీకసలు డ్రైవర్ కావాలా? ఆ డ్రైవర్ చేసేదంతా అప్లికేషన్ నుంచి బైట్లు అందుకుని అవతలికి తోయడమే అయితే, 6.1లో రెడీమేడ్‌గా ఉన్నవి చాలు. ఫర్మ్‌వేర్ తన ఛానెల్ పేరును "ఆర్‌పీమెసేజ్-రా" అని ప్రకటిస్తే ఆర్‌పీమెసేజ్ క్యార్ డ్రైవర్ వచ్చి తగులుకుంటుంది. "ఆర్‌పీమెసేజ్-టీటీవై" అంటే సీరియల్ పోర్టులా కనపడుతుంది. ఫర్మ్‌వేర్ వైపు ఒక్క పేరు మార్చి, లినక్స్ వైపు ఎనిమిది వందల లైన్లు చెత్తబుట్టలో వేయొచ్చు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మార్చబోమని వాళ్లెప్పుడూ మాటివ్వలేదు. యూజర్ ప్రోగ్రాముల వైపు ఉన్న ద్వారాలను మాత్రం చెడగొట్టకుండా ప్రాణం పెట్టి కాపాడతారు. మన కోడ్ ఎంత ఆ ద్వారం ఇవతల ఉంటే అంత నిద్ర పడుతుంది. ఆ ఎనిమిది వందల లైన్లను ప్రేమించేవాళ్లు మీ ఆఫీసులో ఎవరైనా ఉంటే, మూడు రోజుల్లో రెండు రోజులు వాళ్లతో వాదనకు పోతాయి. అది లెక్కలో వేసుకో.

ప్రశ్న: మేడమ్, నా ఫోన్లో ఒక్కోసారి సిగ్నల్ గీతలు మొత్తం మాయమై, కొద్ది సెకన్లకు వాటంతటవే వస్తాయి. పాటలు ఆగవు, ఫోన్ రీస్టార్ట్ కాదు. షాపువాడు లోపల ఒక కంప్యూటర్ పడి లేస్తోందన్నాడు. ఎగతాళి చేస్తున్నాడా?
– బట్టల వ్యాపారి, విజయవాడ

ఎగతాళి కాకపోవచ్చండీ. టవర్ దగ్గర ఇబ్బంది ఉన్నా ఇలాగే జరుగుతుంది కాబట్టి నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కానీ ఫోన్లో మోడెమ్ అనేది దాని సొంత ప్రోగ్రామ్ నడుపుకునే వేరే ప్రాసెసర్. అది క్రాష్ అయితే ఫోన్ మొత్తాన్ని పడేయకుండా, కెర్నెల్ దాన్ని ఒక్కదాన్నే ఆపి, ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించి లేపగలదు. ఆ కాసేపూ గీతలుండవు, పాట మాత్రం ఆగదు. ఒకే ఊళ్లో, ఒకే సిమ్‌తో, పక్కవాళ్ల ఫోన్లకు లేని ఇబ్బంది మీకే రోజూ వస్తుంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేసి చూడండి. మోడెమ్ ఫర్మ్‌వేర్ కూడా సాధారణంగా దాంతోనే వస్తుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. మోటార్ కరెంటు కొలిచే యూనిట్ చేస్తున్నాం. పీఆర్‌యూ శాంపిళ్లు తీస్తుంది. ఇదివరకు పీఆర్‌యూను అప్లికేషన్ నుంచే నడపనిచ్చే యూఐఓ పీఆర్‌యూఎస్ఎస్ డ్రైవర్ వాడేవాళ్లం, మెయిన్‌లైన్ నుంచి దాన్ని తీసేశారని విన్నాం. ఆర్‌పీమెసేజ్‌లో ఒక్కో మెసేజ్ 496 బైట్లే, మాకు ఒకేసారి 8 కిలోబైట్లు కావాలి. అందుకని మెమరీని నేరుగా తాకనిచ్చే డెవ్‌మెమ్ తెరిచి, పీఆర్‌యూల షేర్డ్ ర్యామ్‌ను మ్యాప్ చేసుకుని, సొంత ప్రోటోకాల్ రాసుకున్నాం. బాగానే నడుస్తోంది. ఇలాగే కస్టమర్లకు ఇవ్వొచ్చా?
– చిన్న పరిశ్రమ యజమాని, గుంటూరు

ఇవ్వొద్దండీ. కానీ మీ ఆలోచన సగం సరైనదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

యూఐఓ డ్రైవర్‌ను తీసేసిన మాట నిజం. నిజానికి అది ఓమాప్-ఎల్1 తరం పాత చిప్పుల కోసం రాసింది. బీగిల్‌బోన్ వాళ్లు తమ కెర్నెల్లో దాన్ని అతికించుకుని చాలాకాలం వాడుకున్నారు. మెయిన్‌లైన్‌లో ఆ పాత చిప్పులు డివైస్ ట్రీకి మారాక దాన్ని ఎవరూ మార్చలేదు, ఇక పీఆర్‌యూకు రిమోట్‌ప్రాక్ డ్రైవర్ వచ్చాక దాని అవసరమూ తీరిపోయింది. కాబట్టి స్టార్ట్, స్టాప్, ఫర్మ్‌వేర్ ఎక్కించడం మీరు రిమోట్‌ప్రాక్‌కు అప్పగించక తప్పదు.

డేటా సంగతికొస్తే, పెద్ద బస్తాలను గిన్నెల్లో మోయకండి. బస్తా గోదాములో దించి, "ఫలానా అరలో ఉంది, ఇన్ని కిలోలు" అని చీటీ పంపండి. అంటే 8 కిలోబైట్ల శాంపిళ్లు షేర్డ్ మెమరీలో ఉంటాయి, ఆర్‌పీమెసేజ్‌లో పోయేది చోటు, పొడవు మాత్రమే. పీఆర్‌యూల షేర్డ్ ర్యామ్ మొత్తం కలిపి 12 కిలోబైట్లు. ఒకటి నింపుతుండగా ఇంకోటి చదవాలంటే 8 కిలోబైట్లవి రెండు అందులో పట్టవు. బోర్డు మీది పెద్ద మెమరీ అయిన డీడీఆర్‌లో కొంత భాగం డివైస్ ట్రీ ద్వారా పక్కన పెట్టుకుని, చిన్న డ్రైవర్ ద్వారా అప్లికేషన్‌కు ఇవ్వండి. డెవ్‌మెమ్‌కు రూట్ హక్కులు కావాలి. ఒక అంకె తప్పు పడితే ఎవరి రిజిస్టర్ మీద రాస్తున్నారో కూడా తెలియదు. మీ వర్క్‌షాప్ బల్ల మీద ఫర్వాలేదు, కస్టమర్ ఫ్యాక్టరీలో మోటార్ పక్కన వద్దు.

ఇక సొంత ప్రోటోకాల్ మాట. దీని మీద నాకు పాత బాకీ ఒకటుంది. చాలా ఏళ్ల క్రితం బెంగళూరులో ఒక కంపెనీలో చేసేదాన్ని. కార్టెక్స్ ఏ8 పక్కన డీఎస్పీ ఉన్న చిప్పు. రెండింటి మధ్య డీడీఆర్‌లో చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి నింపుకునే రింగ్ బఫర్ ఒకటి నేనే రాశాను. ఎంత రాశానో ఏఆర్‌ఎం పెట్టే లెక్క ఒకటి, ఎంత తీసుకున్నానో డీఎస్పీ పెట్టే లెక్క ఇంకోటి. స్ట్రక్చర్‌లో రెంటినీ పక్కపక్కనే పెట్టాను, నాలుగు బైట్లు ఇది, నాలుగు బైట్లు అది. చూడటానికి ముచ్చటగా ఉండేది. మూడు నాలుగు గంటలకోసారి ఆడియోలో ఒక ముక్క రెండుసార్లు వినపడేది. పట్టుకుందామని ప్రింట్ పెడితే రాదు, తీసేస్తే వస్తుంది. మూడు రాత్రులు అక్కడే ఉన్నాను. సెక్యూరిటీ ఆయన టీ తెచ్చిచ్చి "ఇంటికెళ్లండమ్మా" అనేవాడు.

జరిగిందేమిటంటే, ఆ ప్రాసెసర్ తన దగ్గర కాపీలు ఉంచుకునే క్యాష్, మెమరీని 64 బైట్ల వరసలుగా పట్టుకుంటుంది. నా లెక్క మార్చి, దాన్ని మెమరీకి రాయమంటే అది నా నాలుగు బైట్లు మాత్రమే రాయదు, వరస మొత్తం రాస్తుంది. ఆ వరసలో డీఎస్పీ లెక్క పాత కాపీ కూడా ఉంది. సరిగ్గా ఆ మధ్యలో డీఎస్పీ తన లెక్క పెంచి ఉంటే, నేను దాని మీద పాత అంకె పులిమేసేదాన్ని. డీఎస్పీ ఒక ముక్క వాయించేసి కూడా వాయించనట్టే లెక్క పడేది, మళ్లీ వాయించేది. రెండు లెక్కల మధ్య ఖాళీ పెట్టి వాటిని వేరు వేరు వరసల్లోకి తోస్తే ఆ ముక్క మళ్లీ వినపడలేదు.

మీ షేర్డ్ ర్యామ్‌కు ఈ జబ్బు ఇంకా రాకపోవడానికి కారణం, కెర్నెల్ దృష్టిలో అది మామూలు ర్యామ్ కాదు, అందుకని డెవ్‌మెమ్‌లో అది క్యాష్ లేకుండా మ్యాప్ అయింది. రేపు డీడీఆర్‌కు మారి, స్పీడు కోసం క్యాష్ పెట్టుకున్న రోజున నా రింగ్ బఫర్ మీ ఇంటికొస్తుంది. వర్టిఐఓ రింగులు రాసినవాళ్లు దీన్ని మొదటే చూసుకున్నారు. అందులో ఒక భాగంలో డ్రైవర్ మాత్రమే రాస్తుంది, ఇంకో భాగంలో అవతలివాడు మాత్రమే రాస్తాడు, ఒకరి చోట ఇంకొకరు రాయరు. పైగా ఆర్‌పీమెసేజ్ ఆ మెమరీని కోహెరెంట్ (ఇద్దరికీ ఒకేలా కనపడేది) అని అడిగి తీసుకుంటుంది కాబట్టి క్యాష్ బాధ మీ మీద పడదు. చీటీలకు దాన్నే వాడుకుని, గోదాములో మాత్రం ఏ 64 బైట్ల వరసలోనూ ఇద్దరూ రాయకుండా చూసుకోండి. మీ స్ట్రక్చర్ ఒకసారి నాకు పంపండి, నా లెక్కల్లా మీవీ పక్కపక్కన కూర్చున్నాయేమో చూస్తాను.